బోరు మోటారు రీడింగులు రాసుకోండి – మోటారు కాలకముందే జాగ్రత్త పడండి

బోరు మోటారు చాలాసార్లు చెప్పకుండా కాలిపోదు. కొన్ని వారాల ముందు నుంచే నీరు తగ్గడం, ఆంపియర్లు మారడం వంటి సూచనలు ఇస్తుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నారు. అయితే కరెంటు ఉచితమైనా మోటారు పైకి తీసే కూలీ, రీవైండింగ్ ఖర్చు, ఆ నాలుగు రోజులు ఎండే పైరు నష్టం రైతువే. అందుకే ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి.

ఏమేమి రాసుకోవాలి?

15 రోజులకు ఒకసారి, మోటారు వేసిన అరగంట తర్వాత ఇవి రాసుకోవాలి:

1. మూడు ఫేజుల మధ్య ఓల్టేజి.
2. ఒక్కో ఫేజులో ఆంపియర్లు. స్టార్టరు మీటరు పనిచేయకపోతే ఎలక్ట్రీషియన్‌తో టాంగ్ టెస్టరు పెట్టించాలి.
3. 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి పట్టిన సెకన్లు.
4. నీటిలో గాలి, ఇసుక వస్తున్నాయా లేదా.

లెక్క ఎలా వేయాలి?

7,20,000ను డ్రమ్ము నిండిన సెకన్లతో భాగిస్తే గంటకు వచ్చే లీటర్లు తెలుస్తాయి. ఓల్టేజి 415 ఉన్నప్పుడు సగటు ఆంపియర్లను 0.575తో గుణిస్తే గంటకు ఖర్చయ్యే యూనిట్లు సుమారుగా వస్తాయి. ఓల్టేజి 380కి పడిపోతే 0.53తో గుణించాలి.

ఉదాహరణకు 7 ఆంపియర్లు, 50 సెకన్లు అనుకుందాం. గంటకు 14,400 లీటర్లు, 4 యూనిట్లు. అంటే యూనిట్‌కు 3,600 లీటర్లు. కొన్నాళ్లకు అదే 7 ఆంపియర్లతో డ్రమ్ముకు 75 సెకన్లు పడితే యూనిట్‌కు 2,400 లీటర్లే వస్తున్నట్లు. మూడో వంతు నీరు తగ్గింది.

నష్టం ఏమీ లేకపోతే ఒక యూనిట్ కరెంటు వెయ్యి లీటర్లను 367 మీటర్ల ఎత్తుకు తోడగలదు. 50 మీటర్ల లోతు నుంచి అయితే సుమారు 7,300 లీటర్లు. ఇందులో సగం వస్తున్నా పంపు ఫరవాలేదనుకోవచ్చు.

రీడింగులు ఏం చెబుతాయి?

• ఆంపియర్లు, నీరు రెండూ తగ్గి గాలి వస్తుంటే: బోరులో నీటి మట్టం పంపు దాకా దిగింది. వెంటనే ఆపాలి. ఈ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే.
• ఆంపియర్లు మారకుండా నీరు మాత్రం తగ్గితే: పైపు లీకు కావచ్చు, ఇంపెల్లర్లు అరిగి ఉండవచ్చు. మోటారు నడుస్తుండగా బోరు దగ్గర చెవి పెట్టి, లోపల నీరు పడే చప్పుడు వస్తుందేమో వినాలి.
• ఆంపియర్లు పెరిగితే: ముందు ఓల్టేజి చూడాలి. అది సరిగా ఉంటే బేరింగులు పాడవడం లేదా ఇసుక పట్టడం కారణం కావచ్చు.
• ఒక ఫేజుకు, మిగతా వాటికి బాగా తేడా ఉంటే: జాయింటు వదులు కావడం, ఫ్యూజు సమస్య కావచ్చు. మోటారు ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

మోటారు దానంతట అదే ఆగేలా

నీరు లేనప్పుడు మోటారును ఆపే డ్రై రన్ పరికరాలు రెండు రకాలు. కొన్ని ఆంపియర్లు చూసి ఆపుతాయి, కొన్ని ఖర్చయ్యే పవరును చూసి ఆపుతాయి. మోటారుపై బరువు తగ్గినా అది కొంత కరెంటు లాగుతూనే ఉంటుంది. కాబట్టి ఆంపియర్లు అంతగా పడిపోవు, పవరు మాత్రం బాగా పడిపోతుంది. అందువల్ల పవరును చూసే రకం మేలు. మీ పుస్తకంలోని మామూలు రీడింగుకు, గాలి వచ్చినప్పటి రీడింగుకు మధ్యలో సెట్టింగ్ పెట్టించాలి. రీడింగు కోసం మోటారును కావాలని నీరు లేకుండా నడపకూడదు.

బోరు ఎంతసేపటికి గాలి కొడుతుందో, మళ్లీ ఎంతసేపటికి ఊరుతుందో కూడా రాసుకోవాలి. 2 గంటలకు గాలి వస్తుంటే టైమరును గంటా 45 నిమిషాలకు పెట్టాలి. ఎండాకాలంలో ఈ లెక్క మళ్లీ చూసుకోవాలి.

గుర్తుంచుకోండి

• కరెంటు రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి మోటార్లు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌పై భారం పడి ఓల్టేజి పడిపోతుంది. ఒక్కో రైతు కొన్ని నిమిషాల తేడాతో వేసుకోవాలి.
• మోటారుకు తగిన కెపాసిటర్ తప్పనిసరిగా పెట్టించాలి.
• తడి చేతులతో స్టార్టరు తాకకూడదు.
• కొత్త సబ్‌మెర్సిబుల్ పంపు కొనేటప్పుడు ఐఎస్ 8034 గుర్తు చూడాలి. నోటుపుస్తకం వెంట తీసుకెళ్లాలి. మీ బోరు ఇచ్చే నీటికి ఎంత హెచ్‌పీ సరిపోతుందో అందులోని అంకెలను బట్టే తేల్చుకోవాలి.