రేవునీరు - విషము లెక్క

1933 డిసెంబరు 19వ తేదీన విశాఖపట్టణపు లోపలి రేవు ప్రారంభమైనది. మేఘాద్రిగెడ్డ నీరును సముద్రపు నీరును కలియు తావది. 1957లో చమురుశుద్ధి కర్మాగారము, 1967లో ఎరువుల కర్మాగారము దాపున వెలసినవి. 1973లోనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శాస్త్రజ్ఞులు పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ గార్లు ఈ రేవు కాలుష్యమును గూర్చి పత్రము ప్రకటించిరి.

అట్టి నీట చేరిన రసాయనము చేపలకు ఎంత విషమో ముందుగా చెప్పగలమా? 1901లో ఓవర్టన్ అను శాస్త్రజ్ఞుడు తోకకప్పలపై తన పరీక్షలను ప్రకటించి, నూనెలో బాగుగా కరగు పదార్థమే జీవకణమున సులభముగా చొచ్చి మత్తు గొల్పునని చూపెను. ఆ సూత్రమొక్కటియే చాలదు. ఆమ్లగుణము గల పదార్థములు కొన్ని నీటిలో విద్యుదావేశమునొంది అయానులగును. అయాను కణపు పొరను అంత సులభముగా దాటలేదు. కొయ్యకు చెదపట్టకుండ వాడిన పెంటాక్లోరోఫినాలు ఇందుకు నిదర్శనము. ఆమ్లత్వము హెచ్చిన నీటిలో దాని విషము హెచ్చును, పి.హెచ్. సుమారు 8 గల సముద్రజలమున తగ్గును, కాని నశింపదు. అమీనుల వంటి క్షారముల తీరు దీనికి విపర్యయము.

కావున చెరువునీట కట్టిన లెక్క రేవునకు చెల్లదు. కర్మాగారపు కాలువను మాత్రమే పరీక్షించి తృప్తి చెందరాదు. అది కలియు నీటిని గూడ కొలువవలెను. జాలరుల బ్రతుకుతెరువు ఆ కొలతపై ఆధారపడియున్నదని మనము మరువరాదు.