కోయ పడిగె: సేకరణకు అందేది, అందనిది

ఉపోద్ఘాతం

ఖమ్మం నుంచి సత్తుపల్లికి పోయే దారిలో తల్లాడ ఒక కూడలి. అక్కడ ఎడమకు తిరిగి ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెం వైపు సాగితే పొలాలు పలచబడి అడవి మొదలవుతుంది. ఆపైన పాల్వంచ, మణుగూరు, భద్రాచలం, గోదావరి తీరం. అడవిలోని వస్తువులు మైదానానికీ నగరానికీ చేరే దారులలో ఇదీ ఒకటి. కోయగూడెంలో వేల్పుగా కొలువందుకున్న వస్తువు ప్రదర్శనశాల అద్దాల వెనుకకో, సంపన్నుల ఇంటి గోడమీదికో చేరేసరికి ‘గిరిజన కళాఖండం’, ‘పురావస్తువు’ అనే కొత్త పేర్లు పొందుతుంది. ఈ పేరు మార్పులో ఏమి మిగులుతుంది, ఏమి జారిపోతుంది అన్న ప్రశ్నను కోయ పడిగె ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పడిగె: వస్తువా, పాఠమా?

పడిగె త్రికోణాకారపు గుడ్డపటం. వేల్పుల, వీరుల, జంతువుల రూపాలను గుడ్డలో కత్తిరించి దానిమీద కుడతారు. కోయ సమాజం గట్లుగా విభజితమైనది. ప్రతి గట్టుకూ తనదైన ఇలవేల్పు, తనదైన పుట్టుకథ ఉన్నాయి. ఆ కథకు దృశ్యరూపమే పడిగె. కొలుపు వేళ దానిని నిలిపి, డోలి వాయిస్తూ కథకులు గట్టు చరిత్రను గానం చేస్తారు. తెలుగు నిఘంటువులు ‘పడగ’ అన్న మాటకు పాము పడగ, ధ్వజం అనే రెండర్థాలనూ ఇస్తాయి. ముదిరాజుల కథకులైన కాకిపడగల వారి పేరులోనూ ఆ మాటే ఉంది. పడిగె ఈ పదకుటుంబానికి చెందినదే కావచ్చునని రూపసామ్యం, అర్థసామ్యం సూచిస్తున్నాయి.

సాంప్రదాయికంగా లిపి లేని కోయభాషకు పడిగె ఒక విధమైన లిఖిత సాధనం. అయితే తాళపత్రాన్ని లిపి తెలిసిన వారెవరైనా చదువగలరు. పడిగెను చదవగలవారు ఆ కథను గురుముఖంగా నేర్చినవారే. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అటువంటి కథకులు. కోయ, తెలుగు భాషలు రెండింటిలోనూ వీరగాథలను డోలిమీద వినిపించిన ఆయనకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఇటువంటి కథకుడు శిష్యులు లేకుండా వెళ్లిపోతే, ఆయన చదివిన పడిగెలు చెక్కుచెదరకుండా ఉన్నా వాటి పాఠం లుప్తమవుతుంది.

సేకరణ సాగిన తీరు

ఈ ప్రాంతపు కోయలను గురించి తొలినాటి వివరమైన రచనలు దుమ్ముగూడెంలో నివసించిన క్రైస్తవ మతప్రచారకుడు జాన్ కెయిన్‌వి. భద్రాచలం, రేకపల్లి తాలూకాలపై 1870ల నుంచి ఆయన ‘ఇండియన్ ఆంటిక్వెరీ’లో వ్యాసాలు ప్రకటించాడు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహకారంతో 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన కులాల, తెగల గ్రంథంలో కోయల అధ్యాయానికి ఈ రచనలు ఆధారమయ్యాయి. ఆ కాలపు పరిశోధకుని దృష్టి తెగల వర్గీకరణపై నిలిచింది. అందువల్ల ఆచారం గ్రంథానికెక్కింది. దానిని వివరించిన మనిషి పేరు సాధారణంగా ఎక్కలేదు.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో నిజాం రాజ్యంలో పరిశోధన సాగించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ గోదావరి కొండలలోని కొండరెడ్లపై 1945లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఆ పరిశీలన లోతైనది, సానుభూతి గలది. అయినా ఆయన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు, దినచర్యలు నేడు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో భద్రంగా ఉన్నాయి. కొండరెడ్డి యువకుడు తన తాతల రూపాలను చూడదలిస్తే ఆ భాండారాన్ని ఆశ్రయించవలసిందే.

తెలుగు సాహిత్య పరిశోధకుల నుంచి వచ్చిన సేకరణ వేరొక మార్గం పట్టింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు దశాబ్దాలుగా సేకరించిన వాద్యాలు, పటాలు, లోహప్రతిమలు ‘ఆద్యకళ’ పేరుతో ప్రదర్శితమయ్యాయి. జానపద వాఙ్మయాన్ని సేకరించిన చేతులే వస్తువులనూ సేకరించడం వలన, కథనూ వస్తువునూ ఒకేచోట చూసే అవకాశం ఏర్పడింది. సాహిత్యశాఖలు ఈ పనిలోకి రావడానికి ఇది బలమైన పూర్వరంగం.

వయస్సు అనే కొలత

1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం సామాన్యంగా నూరేళ్లకు తక్కువ కాని వస్తువే పురావస్తువు. రాతప్రతుల విషయంలో ఆ పరిమితి డెబ్బై అయిదేళ్లు. దేశం దాటించడంపై నిషేధం, నమోదు, వ్యాపారులకు అనుమతిపత్రం అనే రక్షణలన్నీ ఈ నిర్వచనంపైనే నిలిచాయి. గుడ్డ, చెక్క, తోలు అడవి తేమలో, చెదలలో నూరేళ్లు నిలవడం అరుదు. పడిగె శిథిలమైతే కొత్తది కుట్టించుకోవాలి. కథ ఎన్ని తరాల నాటిదైనా, గుడ్డ వయస్సు ఇరవై ఏళ్లే అయితే అది చట్టపు రక్షణ పరిధిలోకి రాదు.

చేర్యాల నకాశీ పటాల చరిత్ర కూడా ఈ సమస్యనే మరోవైపు నుంచి చూపుతుంది. ఆశ్రిత కథకులు తరతరాలుగా వాడిన పటం పాడైనప్పుడు దానిని శాస్త్రోక్తంగా నీటిలో కలిపేవారు. ఆ సంప్రదాయంలో పాతదనానికి ప్రత్యేక విలువ లేదు. కథ చెప్పించగల శక్తికే విలువ. సంగ్రాహకుల ఆదరణ, భౌగోళిక గుర్తింపు చేర్యాల చిత్రకళను నిలిపాయి. కాని గోడకు తగిలించుకునే చిన్న చిత్రాలకూ ముఖోటాలకూ గిరాకీ పెరిగినంతగా, రాత్రంతా సాగే కథాగానానికి పెరగలేదు. కోయ పడిగె విషయంలో ఈ అనుభవాన్ని హెచ్చరికగా స్వీకరించవలసి ఉంది.

ఎవరి అనుమతి?

పడిగె ఒక వ్యక్తి ఆస్తి కాదు. గట్టు మొత్తానికి చెందిన వేల్పు. దాచుకున్న ఇంటివారికి అవసరం వచ్చి అమ్మినా, ఆ అమ్మకం నైతికంగా చెల్లుతుందా? 1996 నాటి పెసా చట్టం తమ సంప్రదాయాలను, సాంస్కృతిక అస్తిత్వాన్ని కాపాడుకొనే సామర్థ్యాన్ని గ్రామసభకు గుర్తించింది. భద్రాచలం పరిసరాలలోని షెడ్యూల్డు ప్రాంతాలలో సేకరణకు గ్రామసభ సమ్మతి తప్పనిసరి నియమం కావాలనడానికి ఇది తగిన ఆధారం.

పోలవరం ముంపు ఈ ప్రశ్నను మరింత తీవ్రం చేసింది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఏడు మండలాలలోని కోయ, కొండరెడ్డి గూడేలకు నిర్వాసిత్వం ప్రత్యక్ష వాస్తవం. పడిగెను చుట్టి పునరావాస కాలనీకి తీసుకుపోవచ్చు. వేల్పు కొలువుండే చెట్టును, గట్టును తీసుకుపోలేరు. అటువంటి స్థితిలో భద్రపరచడానికంటూ వచ్చే సంగ్రాహకునికి తలుపులు సులభంగా తెరుచుకుంటాయి. సమ్మతి నియమం అత్యవసరమయ్యేది అప్పుడే.

ముగింపు

తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు లేఖకుని పేరు, ప్రతి దొరికిన ఊరు, పాఠభేదాలు నమోదు చేయకుండా ముందుకు సాగడు. పడిగెకూ ఆ మర్యాదే దక్కాలి. ఏ గట్టుది, ఏ గూడెంలో కొలువున్నది, ఎవరు కుట్టారు, ఏ కథకుడు ఏ వరుసలో చదివాడు, ఎవరి సమ్మతితో బయటికి వచ్చింది అన్న వివరాలు లేని పడిగె పరిశోధనకు అసంపూర్ణమైన ఆధారం. వీలైనచోట పడిగె గట్టువారి వద్దనే ఉండి, దాని ఛాయాచిత్రమూ కథాగానపు ధ్వనిముద్రణా విశ్వవిద్యాలయానికి చేరడం మేలు. వాటి ప్రతులు గూడెంలోనూ ఉండాలి. అలా జరిగితే, గుడ్డ చిరిగిన నాడు కొత్త పడిగెను కుట్టుకోవడానికి అవసరమైన పాఠం గట్టువారి చేతిలోనే ఉంటుంది.