పొగ పర్మిట్‌ను అడ్డుకున్న ఊరు

ఫ్యాక్టరీ గొట్టంలోంచి పొగ రావడానికి ముందు ఆఫీసులోంచి ఒక కాగితం వస్తుంది. ఆ కాగితాన్ని చదివే హక్కు ఎవరికుంది? వద్దనే హక్కు ఎవరికుంది? మిత్రులారా, ఈ భాగంలో ఆ కాగితం చరిత్ర చెప్పుకుందాం. ఇది అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో జరిగింది.

మిసిసిపి నది ఒడ్డున, బాటన్ రూజ్ నుంచి న్యూ ఆర్లియన్స్ దాకా ఒకప్పుడు చెరకు తోటలు. వాటిలో చాకిరీ చేసింది బానిసలు. బానిసత్వం పోయాక వాళ్లు ఆ తోటల అంచునే చిన్న ఊళ్లు కట్టుకున్నారు. 20వ శతాబ్దంలో పెట్రోకెమికల్ కంపెనీలు ఆ తోటల భూములు ఒక్కొక్కటే కొన్నాయి. దొర పోయి కంపెనీ వచ్చింది. అంచున ఉన్న జనం అంచునే ఉన్నారు. ఆ నదీ తీరానికి 'క్యాన్సర్ సందు' అని పేరు పడింది. వెలివాడ ఊరికి ఏ పక్కన ఉంటుందో, చచ్చిన గొడ్డును ఎటు ఈడుస్తారో తెలిసిన మనకు ఈ భూగోళం కొత్త కాదు.

1990లో అమెరికా తన స్వచ్ఛ గాలి చట్టాన్ని సవరించి 'టైటిల్ ఫైవ్' అనే భాగం చేర్చింది. అంతకుముందు ఒక ఫ్యాక్టరీ పాటించాల్సిన గాలి నియమాలు రకరకాల ఉత్తర్వుల్లో చెల్లాచెదురుగా ఉండేవి. ఇప్పుడు పెద్ద కాలుష్య పరిశ్రమలకు అవన్నీ ఒకే ఆపరేటింగ్ పర్మిట్‌లోకి రావాలి. దాని గడువు ఐదేళ్లకు మించకూడదు. ముసాయిదాను జనం ముందు పెట్టి, అభ్యంతరాలకు కనీసం 30 రోజులు ఇవ్వాలి. కేంద్ర సంస్థ ఈపీఏ 45 రోజుల్లో అడ్డు చెప్పొచ్చు. అది నోరు మెదపకపోతే, తర్వాతి 60 రోజుల్లో మామూలు మనిషి కూడా ఈపీఏకు పిటిషన్ వేయొచ్చు. చట్టంలో ఇది చిన్న కిటికీ.

ఆ కిటికీ గుండా దూరిన ఊరు కాన్వెంట్. 1996లో షిన్‌టెక్ అనే జపాన్ కంపెనీ అనుబంధ సంస్థ అక్కడ 70 కోట్ల డాలర్లతో పీవీసీ ప్లాంట్ పెడతానంది. ఆ చుట్టుపక్కల జనంలో నూటికి 80 మందికి పైగా నల్లజాతివాళ్లు. 1997 మేలో రాష్ట్రం గాలి పర్మిట్లు ఇచ్చేసింది. ఊరివాళ్లు పెట్టుకున్న సంఘం పేరులో 'ఉద్యోగాలు' అనే మాట 'పర్యావరణం' కంటే ముందుంది. వాళ్లు పనికి వ్యతిరేకులు కారు. నల్లజాతి నాయకుల్లోనే కొందరు ఉద్యోగాల కోసం కంపెనీ పక్కన నిలబడ్డారు. ఈ చీలిక కూడా మనకు తెలిసిందే. ఎమెల్డా వెస్ట్ అనే పెద్దామె కంపెనీ పెద్దలతో మాట్లాడటానికి టోక్యో దాకా వెళ్లింది. ఊరి తరఫున పిటిషన్ వేసింది టులేన్ యూనివర్సిటీ లా క్లినిక్. అందులో పని చేసేది లా విద్యార్థులే.

1997 సెప్టెంబర్‌లో ఈపీఏ ఆ పర్మిట్ల మీద అభ్యంతరం చెప్పింది. ఏడాది తిరిగేసరికి షిన్‌టెక్ కాన్వెంట్‌ను వదిలి, ప్లాక్‌మిన్ దగ్గర మరో చిన్న ప్లాంట్ వైపు వెళ్లిపోయింది.

గెలుపే. కానీ దేని మీద గెలిచారు? పర్మిట్‌లోని సాంకేతిక లోపాల మీద. 'ఈ పొగంతా నల్లవాళ్ల మీదికే ఎందుకు?' అని పౌరహక్కుల చట్టం కింద వేసిన ఫిర్యాదు వేరుగా ఉండిపోయింది. కంపెనీ వెళ్లిపోవడంతో దాని మీద తీర్పే రాలేదు. పర్మిట్‌కు పొగ బరువు తూచడం తెలుసు. ఆ పొగ ఎవరు పీలుస్తారో అడగడం తెలియదు.

ఇక విద్యార్థులకు దక్కిన బహుమానం చూడండి. గవర్నర్ మైక్ ఫోస్టర్ టులేన్ మీద బహిరంగంగా విరుచుకుపడ్డాడు. 1998 జూన్‌లో లూసియానా సుప్రీంకోర్టు నిబంధనలు మార్చి, లా క్లినిక్ విద్యార్థులు ఎవరి తరఫున వాదించవచ్చో కట్టడి చేసింది. కిటికీ మూయలేక, ఎక్కడానికి వేసిన నిచ్చెన లాగేశారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన గాలి చట్టం 1981 నాటిది. దాని 21వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డు సమ్మతి లేకుండా ఫ్యాక్టరీ నడవకూడదు. మన బోర్డుల భాషలో అది సీఎఫ్‌ఓ. ఆ సమ్మతి ఇచ్చే ముందు పక్క వాడ మాట వినాలని ఆ సెక్షన్‌లో లేదు. ప్రజాభిప్రాయ సేకరణ అనేది పర్యావరణ అనుమతి దగ్గర, అదీ కొన్ని పరిశ్రమలకే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. తనకు పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే 2019లో అఫిడవిట్‌లో రాసిచ్చింది. అయినా బోర్డు సమ్మతులతో నడిచింది. అంటే కాగితం ఉంది. ఆ కాగితంలో ఊరు లేదు.

అందుకే చదువుకునే మన పిల్లలకు ఒక మాట. మీ వాడ పక్కన ఫ్యాక్టరీ ఉంటే ముందు దాని సీఎఫ్‌ఓ తెప్పించండి. సమాచార హక్కు కింద అడగండి. ఏం రాశారో, ఎప్పటిదాకా గడువుందో వాడలో చదివి వినిపించండి. కాన్వెంట్ మొదలుపెట్టింది కూడా కాగితం చదవడంతోనే.

జై భీమ్.