నర్సుల సమాచారాన్వేషణ

రోగి పరిచర్యలో తలెత్తే సందేహాలకు ఆసుపత్రి నర్సులు సమాధానాలు వెదికే తీరును నర్సుల సమాచారాన్వేషణ అంటారు. అలా దొరికిన పరిశోధన ఫలితాలను తమ అనుభవంతోనూ, రోగి అభీష్టంతోనూ సమన్వయించి నిర్ణయం తీసుకోవడం ఆధారసహిత పరిచర్య అవుతుంది.

ఆరంభ దశ: 1854లో క్రిమియా యుద్ధానికి వెళ్లిన ఫ్లోరెన్స్ నైటింగేల్ సైనికుల మరణాల లెక్కలను విశ్లేషించి, ఆసుపత్రుల పారిశుద్ధ్యాన్ని మెరుగుపరచాలని వాదించడంతో పరిచర్యకు గణాంకాల ఆధారం తోడైంది. దక్షిణ భారతంలో 1909లో వేలూరులో ఐడా స్కడర్ నర్సుల పాఠశాల నెలకొల్పగా, 1911లో మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వెలిసింది. నర్సింగ్ జర్నల్ ఆఫ్ ఇండియా 1910లోనే మొదలైనా, వార్డులో నర్సుకు చేతికందే ఆధారాలు ప్రధానంగా డాక్టరు ఆదేశం, సీనియర్ సిస్టరు మాట, చదువుకున్ననాటి నోట్సు.

మదనపల్లె క్షయ పరిశోధనలు: 1912లో మొదలై 1915లో ఆరోగ్యవరం ప్రాంగణానికి చేరిన యూనియన్ మిషన్ క్షయ శానిటోరియంకు డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ తొలి సారథి. 1950-55 మధ్య అదే శానిటోరియంకు చెందిన జొహానెస్ ఫ్రిమాట్ మోలర్ మదనపల్లె చుట్టుపక్కల గ్రామాల్లో క్షయ వ్యాప్తిని అధ్యయనం చేశారు. మందులు సక్రమంగా వాడితే ఇంటి చికిత్స శానిటోరియం చికిత్సకు తీసిపోదని మద్రాసు క్షయ చికిత్సా కేంద్రం 1959లో ప్రకటించడంతో, విశ్రాంతినీ ఆరుబయటి గాలినీ నమ్ముకున్న పాత పద్ధతి సడలి, రోగి రోజూ మాత్రలు వేసుకునేలా చూడడం పరిచర్యలో ముఖ్యాంశమైంది.

ఆధునిక దశ: చికిత్సలను పరీక్షించి నెగ్గినవాటినే వాడాలని వైద్య పరిశోధకుడు ఆర్చీ కాక్రన్ 1972లో వాదించారు. 1991లో వైద్యుడు గోర్డన్ గయట్ ఆధారసహిత వైద్యమనే మాటను వాడుకలోకి తెచ్చారు. వైద్య వ్యాసాల సూచిక పబ్‌మెడ్ 1997లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి రాగా, 1998లో నర్సుల కోసమే ఆధారసహిత పరిచర్య పత్రిక వెలువడింది.

అన్వేషణ పద్ధతి: రోగి ఎవరు, చేయదలచినది ఏమిటి, దానికి ప్రత్యామ్నాయమేది, ఆశించే ఫలితమేది అన్న నాలుగు అంశాలతో ప్రశ్నను కూర్చుకోవడం తొలి మెట్టు. ఉదాహరణకు, సెలైన్ ఎక్కించే కాన్యులాను మూడు నాలుగు రోజులకొకసారి తప్పక మార్చాలా, లేక వాపు, నొప్పి, ఎరుపు వంటి లక్షణాలు కనిపించినప్పుడే మార్చాలా అన్నది వార్డులో తరచు వచ్చే ప్రశ్న. 2012లో ఆస్ట్రేలియాలో 3,283 మంది రోగులపై జరిగిన పరీక్షలో రెండు పద్ధతుల్లోనూ సిర వాపు సుమారు 7 శాతం మందికే వచ్చింది. అంటే సూది పోటు తగ్గించవచ్చు గాని, సూది గుచ్చిన చోటును ప్రతి షిఫ్టులో చూసే బాధ్యత మాత్రం తగ్గదు.

అవరోధాలు: నర్సులు మొదట ఆశ్రయించేది తోటి నర్సులనేనని పలు దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. డ్యూటీలో తీరిక లేకపోవడం, పరిశోధన వ్యాసాల్లోని గణాంకాలు కొరుకుడు పడకపోవడం, పద్ధతి మార్చే అధికారం చేతిలో లేకపోవడం పరిశోధనలను వెదికి వాడలేకపోవడానికి ముఖ్య కారణాలు. వ్యాసాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉండడం తెలుగు నర్సులకు అదనపు భారం. సందేహం అడిగి తెలుసుకునే వీలు కూడా అన్నిచోట్లా ఒకేలా లేదు: 2001లో పీఈఎస్ వైద్య కళాశాల ఏర్పడిన కుప్పంలో బోధనాసుపత్రి ఉంది. పుంగనూరు వంటి చిన్న పట్టణాల నర్సులకు అలాంటి ఆసరా దగ్గరలో ఉండదు. మూడు రాష్ట్రాల కూడలి అయిన కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే రోగుల అభీష్టాన్ని తెలుసుకోవడం కూడా ఈ అన్వేషణలో భాగమే.

నర్సుకు వెదకడం నేర్పితే చాలదు. డ్యూటీ వేళల్లోనే చదువుకునే వ్యవధి, తెలుగులో సంగ్రహాలు, తేలిన విషయాన్ని అమలుచేసే అధికారం ఇచ్చినప్పుడే పరిశోధన ఫలితం రోగి మంచం దాకా చేరుతుంది.