వెదురు మీద హక్కు, చేతిలో విద్య

మన కొలాం గూడేల్లో ఇంటి ముందు వెదురు బద్దలు కనిపించడం మామూలే. గంపలు, చాటలు, తడకలు, ధాన్యం పోసే గుమ్ములు మన పెద్దలు అల్లితే, గోండులు, ఊళ్ల రైతులు కొనుక్కునేవారు, లేదా బదులుగా గింజలు కొలిచేవారు. పచ్చి వెదురును నిలువునా చీల్చి, బద్దలను సమంగా చెక్కడంతోనే సగం పని అయినట్టు. ఎండితే వెదురు వంగదు, విరుగుతుంది. అందుకే ఈ విద్యకు అడవి దగ్గరుండాలి, కోసుకునే వీలుండాలి.

ఆ వీలే మన చేయి జారింది. నిజాం ప్రభుత్వం ఆదిలాబాద్ అడవులను రిజర్వు చేసేసరికి, పోడు మీద బతికిన మనవాళ్లు కొండలు దిగాల్సి వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చింది ఈ అడవి, భూమి హక్కుల కోసమే. ఆ పోరాటంలో గోండులతో పాటు కొలాంలూ నిలబడ్డారు. మన గంపకు వెదురు నరకాలంటే అనుమతి అడగాల్సి వచ్చింది. 1938లో ఏర్పడిన సిర్పూర్ పేపర్ మిల్లుకు మాత్రం ఇక్కడి వెదురే ముడిసరుకైంది.

ఇలాంటి కథ మనదొక్కటే కాదు. అమెరికాలో చెరోకీ ఆదివాసులు నది ఒడ్డున పెరిగే ఒక రకం వెదురుతో బుట్టలు అల్లేవారు. నల్ల అక్రోటు చెట్టు నుంచి ముదురు గోధుమ రంగు, ఒక అడవి మొక్క వేరు నుంచి నారింజ ఎరుపు తీసేవారు. హోళీకి మనం మోదుగ పూలు ఉడికించి రంగు తీసినట్టే. 1838లో వారిని సొంత నేల నుంచి వెళ్లగొట్టారు. కొత్తచోట ఆ వెదురు అంతగా దొరకక, దొరికిన తీగలతో అల్లుకున్నారు. విద్య బతికింది గానీ రూపం మారింది.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. సంప్రదాయంగా సేకరిస్తున్న వెదురును తెచ్చుకునే, అమ్ముకునే హక్కు ఇప్పుడు మనది. క్లెయిము మొదలయ్యేది గ్రామసభలోనే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, గ్రామసభలో వెదురు మాట ఎత్తండి. ఇంటికొచ్చాక అవ్వ పక్కన కూర్చుని ఒక్క చాట అల్లడం నేర్చుకోండి. హక్కు కాగితంలో మిగిలి చేతిలో విద్య పోతే, అడవి తిరిగొచ్చినా గంప తిరిగిరాదు.