దక్కినవాళ్ళు, దక్కనివాళ్ళు

తిరుమలలో రోజూ జనాభా లెక్క జరుగుతుంది. తెల్లారేసరికి దేవస్థానం ప్రకటన వచ్చేస్తుంది: నిన్న స్వామివారి దర్శనం చేసుకున్నవాళ్ళు ఇందరు, తలనీలాలు ఇచ్చినవాళ్ళు ఇందరు, హుండీ ఇంత, ఇన్ని కంపార్టుమెంట్లు నిండాయి. తిరుపతిలో పెరిగినవాళ్ళకి కాఫీ తాగుతూ ఆ అంకె చూసుకోవడం అలవాటు. శనివారమయితే ఎంత, పెరటాసి నెలయితే ఎంత అని నోటితోనే చెప్పేస్తారు.

కొండ మీద లెక్కకొచ్చేది వచ్చినవాళ్ళే. రాలేకపోయినవాళ్ళని లెక్కపెట్టే పని కొండ కింద జరిగింది. 1954 సెప్టెంబరు 2న మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జనాభా అధ్యయన విభాగానిది ఆ పని. ఈ సంచికకి మా పరిశోధకులు సాధించిన ఘనతలు రాయమని సంపాదకులు అడిగారు. పురస్కారాల జాబితా రాయడం నాకు రాదు. పైగా అలాంటి జాబితాలు చదివేది అందులో పేరున్నవాళ్ళే. నాకు తెలిసిన సంగతి ఒకటే, ఆ లెక్క ఎట్లా పెడతారో చెబుతాను.

విద్యార్థిగా నేను మొదటిసారి ఫారాల కట్ట చంకన పెట్టుకుని పల్లెకి పోయినప్పుడు, వేపచెట్టు కింద చింతపండు గింజలు తీస్తున్న ఒకామె ఎదురుగా చతికిలబడ్డాను. “బిడ్డలెందరు పెద్దమ్మా?” అన్నాను. “ముగ్గురుండారు నాయనా” అంది. మూడు అని రాసేసి తరవాతి ప్రశ్నకి పోబోతుంటే, నాతో వచ్చిన సీనియరు మోచేత్తో పొడిచాడు. తనే అడిగాడు, గొంతు తగ్గించి: “దక్కనోళ్ళు ఎవురన్నా ఉండారా మ్మా?” ఆమె చేతిలో గింజ అట్లాగే ఆగింది. “మొదటోడు పురిట్లోనే. ఆ తర్వాత ఒక ఆడబిడ్డ, జాతర ముందర, పాకతా ఉండె.” జాతరంటే గంగమ్మ జాతర. అది ఏ ఏటి జాతరో పట్టుకోవడానికి ఇంకో పావుగంట పట్టింది. పెద్ద కరువుకి ముందా, వెనకా? మీ ఆడబిడ్డ పెళ్ళికి ముందా? ఊళ్ళోకి కరెంటు వచ్చాకా? పుట్టిన తేదీలు రాసుకోని ఊళ్ళలో జాతరలూ కరువులే పంచాంగం. మా ఫారంలో మూడు అయిదయింది.

అడగకపోతే తల్లి చెప్పదు. మరిచిపోయి కాదు. బిడ్డలంటే ఉన్న బిడ్డలే, పోయినవాళ్ళ పేరెత్తడం అశుభం. కానీ మన పేర్లు ఆ రహస్యాన్ని దాచలేవు. చిత్తూరు పల్లెల్లో కుప్పమ్మ, కుప్పయ్య అనే పేర్లు ఇప్పటికీ అరవై దాటినవాళ్ళలో కనిపిస్తాయి. పైన పుట్టినవాళ్ళు వరసగా పోతే, ఈసారి పుట్టిన బిడ్డని చెత్తకుప్ప మీద దొర్లించి, అక్కడే దొరికిందన్నట్టు ఇంటికి తెచ్చి, ఆ పేరే పెట్టేవాళ్ళు. పుల్లమ్మలు, పెంటయ్యలు కూడా అట్లా వచ్చినవాళ్ళే. ఓటర్ల జాబితాలో ఒక కుప్పమ్మ కనిపించిందంటే ఆమె వెనక ఒకరో ఇద్దరో ఉన్నారన్నమాట, ఏ రిజిస్టరులోనూ లేనివాళ్ళు.

కొండ మీద తలనీలాలు తీసే కల్యాణకట్ట దగ్గర ఒక గంట నిలబడి చూడండి. పుట్టువెంట్రుకలు తీయించుకుంటూ ఏడ్చే ప్రతి పసిబిడ్డా ఒక గండం గడిచిన బిడ్డ. బతికితే నీ కొండకి తెస్తానని మొక్కుకున్న తల్లులందరూ మొక్కు తీర్చుకోవడానికి రాలేదు.

ఆ రానివాళ్ళ సంగతి మీద ఇక్కడ ఒక పుస్తకం తయారయింది. ఈ విభాగం ఆచార్యుడు కె. మహదేవన్, సహచరులు కలిసి భారతదేశంలో శిశు మరణాలకు జీవ, సామాజిక కారణాలేమిటో విచారిస్తూ రాసిన ఆ గ్రంథం 1985లో వెలువడింది. మరుసటి ఏడే జననాలు, మరణాల సిద్ధాంతాల మీద ఆయన సంపాదకత్వంలో మరో సంపుటం వచ్చింది. జీవ, సామాజిక అనే జంటమాట పైకి బరువుగా వినిపిస్తుంది గానీ, పల్లెలో దాని అర్థం చాలా తేలిక. బొడ్డు దేనితో కోశారు? ముర్రుపాలు పట్టారా, పిండి పారబోశారా? బిడ్డకీ బిడ్డకీ ఎన్నేళ్ళు ఎడం? తల్లి బడి ముఖం చూసిందా? జబ్బు ఒళ్ళో ఉంటుంది, చావుకి దారి మాత్రం ఇంట్లోంచే పోతుంది. 1992–93లో మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 70 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్ళు. 2019–21 నాటికి విభజిత రాష్ట్రంలో ఆ సంఖ్య 30.

మా విశ్వవిద్యాలయం పుట్టకముందే మా పాత జిల్లాలో ఇంటింటి లెక్క మొదలయిందని మావాళ్ళే చాలామంది మరిచిపోతారు. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె పక్కన, 1915లో, కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి క్షయ రోగులకు శానటోరియం తెరిచాయి. ఆ చోటికి ఆరోగ్యవరమని పేరు. తొలి సూపరింటెండెంటు డెన్మార్కు నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. అప్పట్లో క్షయకి మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, మంచం, ఓపిక, అంతే వైద్యం. మనదేశంలో బి.సి.జి. టీకా తొలిసారి వేసింది కూడా 1948లో మదనపల్లెలోనే.

ఆయన కొడుకు జొహానెస్ ఫ్రిమోట్ మోలర్ ఆస్పత్రి గేటు దాటి ఊళ్ళలోకి నడిచాడు. మంచమెక్కిన రోగి ఆస్పత్రికి వస్తాడు, మరి దగ్గుతూ కయ్యల్లో పని చేసుకునేవాడి మాట? 1950 నుంచి 1955 దాకా మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో జనాన్ని ఇల్లిల్లూ రాసుకుని, పరీక్షలు చేసి, ఒకరికి టీకా వేసి పక్కవారిని వదిలి, ఆ జాబితా పట్టుకుని మళ్ళీ మళ్ళీ పోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 1960లో వచ్చిన నివేదికే నూరు పేజీలకు పైన ఉంటుంది. 1973లో వచ్చిన నాలుగో నివేదిక నాటికి తేలిందిదీ: టీకా వేసిన 5,069 మందిలో 33 మందికి క్షయ వచ్చింది, వేయని 5,808 మందిలో 47 మందికి.

అంటే టీకా కాపాడింది అయిదో వంతు మందినే. ఇంగ్లండులో అదే టీకా మూడొంతులకి పైగా కాపాడింది. మన పక్కనే చెంగల్పట్టులో తరవాత జరిగిన ఇంకా పెద్ద పరీక్షలో పెద్దల క్షయకి అది అసలు అడ్డుపడనే లేదు. ఈ తేడా ఎందుకో వైద్యలోకం ఇంకా తర్కించుకుంటూనే ఉంది. వేడి దేశాల మట్టిలో, నీళ్ళలో ఉండే క్షయ జాతి సూక్ష్మజీవులు ముందే ఒంటిని తాకి ఉంటాయనీ, అందుకే టీకా కొత్తగా చేసేది తక్కువనీ ఒక వాదన. పసిపిల్లల్లో మెదడుకి పాకే క్షయని ఆపుతుంది కాబట్టి పుట్టగానే బి.సి.జి. వేయడం మాత్రం మానలేదు.

1994లో అమెరికా పరిశోధకులు ఇలాంటి పరీక్షలు 13 ఏర్చి ఒక పట్టిక కట్టారు. గణాంకశాస్త్రం నేర్చుకునేవాళ్ళకి ఆ పట్టిక ఇప్పుడు ఎక్కాల పుస్తకం లాంటిది. ‘ఆర్’ అనే సాఫ్ట్‌వేరులో నమూనాగా దాన్నే ఇస్తారు. బ్రెజిల్ పిల్లవాడయినా జపాను పిల్లయినా 33, 5,036, 47, 5,761 అనే అంకెల్ని కూడి, భాగించి చూడాల్సిందే. ఆ వరసలో డెన్మార్కు డాక్టరు పేరుంటుంది, 13 అని అక్షాంశం ఉంటుంది. మదనపల్లె అన్న మాట ఉండదు. మా పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఆ 13 దగ్గర ఆగి, ఇది మన పాత జిల్లారా అబ్బయా అంటాను. తలలెత్తి చూస్తారు.

ఇప్పుడు మా విభాగం అడిగే ప్రశ్నలే తిరగబడ్డాయి. ఒకప్పుడు మా ఫారాల్లో సగం కుటుంబ నియంత్రణ గురించే. ఇద్దరు పుట్టగానే ఆపరేషన్, ఆ మాట ఒక్కటే చాలు, ఏ ఆపరేషనో ఎవరూ అడగరు. 2019–21 సర్వేలో రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆ ఆపరేషన్ అయినవాళ్ళే. మగవాళ్ళ వాటా రాయడానికి సిగ్గేస్తుంది. ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ముగ్గురుంటే సర్పంచి పోటీకి పనికిరారన్న 1994 నాటి నిబంధనని 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. ఎక్కువమందిని కనండని పిలుపునిచ్చిన ముఖ్యమంత్రి ఈ విశ్వవిద్యాలయంలోనే ఎం.ఏ. చదివిన నారావారిపల్లె మనిషి. ఆపరేషన్ కోసం ఊళ్ళు తిరిగిన తరానికి ఇది వింతే. నాకు మాత్రం, పిలుపులతో పిల్లలు పుడతారన్న నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మొన్న మా విద్యార్థులతో పాకాల వైపు ఒక ఊరికి పోయాను. ‘దక్కనివాళ్ళు’ గడి దాదాపు అన్ని ఫారాల్లోనూ సున్నాయే. అందరూ తట్టుకుంటున్నది వేరే గడి దగ్గర: నిన్న రాత్రి ఈ ఇంట్లో నిద్రపోయినవాళ్ళు ఎందరు? పంచలో కూర్చున్న ముసలామె రేషన్ కార్డు తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టింది.

“ఆరుమందిమి. రాసుకో మ్మా.”

“రాత్రి ఈడ పండుకున్నోళ్ళే చెప్పవ్వా.”

“నేనూ, మా ముసలాయన. పెద్దోడు బెంగుళూర్లో పండుకున్నాడు, వాణ్ణి గూడా రాసుకో, కార్డులో ఉండాడు గదా.”

మా అమ్మాయి నా వైపు చూసింది. రెండు అని రాయమన్నాను.