రాత్రి శవం మనది, పొద్దున్నే కాగితం వాళ్లది



మొన్న లా చదువుతున్న తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, పోలీసు ఆఫీసులో రెండు నెలల ఇంటర్న్‌షిప్ ఉందంట. అప్లై చెయ్యనా, వద్దా? హాస్టల్లో సగం మంది పోతే పోలీసోళ్ల మనిషివైపోతావ్ అంటున్నారు. మిగతా సగం మంది పోకపోతే అక్కడ మన మనిషి ఎవడుంటాడు అంటున్నారు" అని. రేపు చెప్తా అన్నాను. ఆ ప్రశ్న వినగానే మా తాత గుర్తొచ్చాడు. యూనిఫాం లేకుండా, జీతం పేరు లేకుండా, పోలీసు పనిలో బతుకంతా గడిపిన మనిషి.

మా తాత ఊరి వెట్టి. మున్సబు ఇచ్చిన చీటీ పట్టుకుని స్టేషన్‌కి నడిచేవాడు. పట్టుబడ్డ ముద్దాయికి కాపలా ఉండేవాడు. అధికారి వస్తే మంచం మోసేవాడు, తప్పెట వేసి ఊరికి చాటేవాడు. అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకునేది శవాల కాపలా గురించి. ఒకసారి కాలవలో శవం తేలింది. కబురందిన ఎస్సై మర్నాటికి గానీ రాలేదు. రాత్రంతా లాంతరు పెట్టుకుని, కర్రతో కుక్కల్ని తోలుతూ తాత ఒక్కడే కూర్చున్నాడు. పొద్దున్నే చెట్టు కింద కుర్చీలు వేశారు. పంచనామా రాశారు. ఊరి పెద్దలు సంతకాలు పెట్టారు. శవాన్ని ముందు చూసిందీ, రాత్రంతా కాచిందీ తాతే. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అంతా అయ్యాక, "ఒరే, బండిలోకెత్తు" అని పిలిచారు.

తాత మాట ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ తిరుగుతుంటుంది: "రాత్రి శవం మనది, పొద్దున్నే కాగితం వాళ్లది."

లా పుస్తకం చేతికొచ్చాక నాకు అర్థమైంది, ఇది ఆ ఎస్సై గుణం ఒక్కటే కాదని. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్ ప్రకారం, అనుమానాస్పద మరణం జరిగితే చుట్టుపక్కల నివసించే "గౌరవనీయులైన" ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఎదుట విచారణ జరగాలి. 1973 కోడ్‌లోనూ అదే మాట. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ నంబరు 194 అయింది గానీ, "గౌరవనీయులు" అనే మాట చెక్కుచెదరలేదు. చట్టంలో కులం పేరు లేదు. కానీ ఊళ్లో గౌరవనీయుడెవడో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలుసు.

ఇక చరిత్రలోకి పోదాం.

మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాల్లో, గ్రామ పోలీసుకి కంపెనీ పాలకులు చట్టరూపం ఇచ్చింది 1816 నాటి 11వ రెగ్యులేషన్‌తో. ఊరి పెద్దే పోలీసు అధికారి. తలారులూ ఇతర గ్రామ సేవకులూ అతని చేతికింది మనుషులు. అదే రెగ్యులేషన్‌లో ఇంకో సంగతి ఉంది. తిట్లు, చిన్న కొట్లాటల్లాంటి కేసుల్లో ఊరి పెద్ద ఎవరినైనా కొన్ని గంటలు నిర్బంధించవచ్చు. నిందితుడు "కింది కులం" వాడైతే కాళ్లకు బొండ వేయవచ్చు. ఒకే తప్పు, కులాన్ని బట్టి రెండు శిక్షలు. మనువు రాసింది కాదు ఇది, కంపెనీ సర్కారు అచ్చేసింది. పోలీసు పనికి మన మనుషులు కావాలి, పోలీసు శిక్షకీ మన కాళ్లే కావాలి.

1855లో మద్రాసు టార్చర్ కమిషన్ నివేదిక వచ్చింది. పన్ను వసూలు కోసం, నేరం ఒప్పించడం కోసం కింది ఉద్యోగులు జనాన్ని ఎలా హింసిస్తున్నారో అందులో రికార్డయింది. రెవెన్యూ, పోలీసు ఒకే చేతిలో ఉండటం పెద్ద కారణమని తేలింది. 1859లో 24వ చట్టంతో యూనిఫాం వేసుకున్న కొత్త పోలీసు శాఖ పుట్టింది. కొత్త శాఖ ఊళ్లోకి రావాలంటే మాత్రం మళ్లీ అదే మున్సబు, అదే తలారి, అదే వెట్టి కావాలి. పైన టోపీ మారింది, కింద చాకిరీ మారలేదు.

1895లో మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం వచ్చింది. మున్సబు, కరణం దగ్గర్నుంచి తలారి, వెట్టి దాకా ఉద్యోగాలన్నీ అందులోకొచ్చాయి. వంశపారంపర్యం అనే ఒకే మాట మున్సబుకి ఆస్తి అయింది, వెట్టికి సంకెల అయింది. తలారి పని కొన్నిచోట్ల బోయలు, ముత్తరాసుల్లాంటి కులాలు చేశాయి. వెట్టి మాత్రం చాలా ఊళ్లలో మాల, మాదిగ వాడల మీదే పడింది. నిజాం తెలంగాణలో పోలీసు పటేలు కింద శేత్‌సింధీలు, కావలికార్లు ఉండేవాళ్లు. పేర్లు వేరు, కథ ఒకటే.

బొంబాయి వైపు ఇదే మహర్ వతన్. బాబాసాహెబ్ 1928లో బొంబాయి కౌన్సిల్‌లో దాని మీద సవరణ బిల్లు పెట్టారు. ఆయన వేలు పెట్టి చూపించింది దేన్నో గమనించండి. ఆ పనికి వేళ లేదు, హద్దు లేదు. తండ్రి లేకపోతే కొడుకు పోవాలి, కొడుకు లేకపోతే ఇంట్లో ఇంకెవరైనా పోవాలి. ఇచ్చేది చూస్తే పిసరంత భూమి, కాసిన్ని గింజలు. అదే ఏడాది సైమన్ కమిషన్‌కి ఇచ్చిన వినతిలో సైన్యం, పోలీసు ఉద్యోగాల్లో అణగారిన వర్గాలకు ప్రవేశం కావాలని అడిగారు. అంటే ఆయన పోలీసు పని వద్దనలేదు. వెట్టి వద్దన్నారు, ఉద్యోగం కావాలన్నారు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాయే నా ఈ వ్యాసం మొత్తం.

ఇప్పుడు ఒక తేదీ చెప్తాను. డిసెంబర్ 6. మనకది 1956లో బాబాసాహెబ్ పరినిర్వాణం. ఇంకో రెండు సంగతులు కూడా అదే తేదీకి ఉన్నాయి.

1960 డిసెంబర్ 6న గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. గుంటూరు జిల్లాలో ఒక ఊరిని రెండుగా విడగొట్టినప్పుడు కొత్త ఊరికి మున్సబు ఎవరనేది తగాదా. పాత మున్సబు కుటుంబం నుంచే తీసుకోవాలంది 1895 చట్టం ఆరో సెక్షన్. వంశం పేరుతో ప్రభుత్వోద్యోగంలో వివక్ష చూపడం రాజ్యాంగం 16(2) అధికరణకి విరుద్ధమని కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అది కుర్చీ కోసం నడిచిన కేసు, వెట్టివాళ్ల కేసు కాదు. కానీ ఆ 16(2) ఉన్న రాజ్యాంగానికి ముసాయిదా కమిటీ అధ్యక్షుడెవరో మనకు తెలుసు కదా!

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో మున్సబు, కరణం పోస్టుల్ని రద్దు చేసింది. కింది సేవకులు మాత్రం ఉండిపోయారు. తర్వాత గ్రామ సేవకులన్నారు, ఆ తర్వాత వీఆర్ఏలన్నారు. 2022లో తెలంగాణ వీఆర్ఏలు రెండు నెలలకు పైగా సమ్మె చేస్తే, వాళ్ల డిమాండ్లలో పే స్కేలుతో పాటు వారసులకు ఉద్యోగాలూ ఉన్నాయి. వంశపారంపర్యం పోవాలని పోరాడిన వాళ్ల మనవలు వారసత్వం అడుగుతున్నారేమిటని కొందరు ఎగతాళి చేశారు. జీవితమంతా చేసిన పనికి పెన్షన్ లేనివాడు కొడుక్కి ఇంకేం ఇవ్వగలడు? ఎగతాళి చేసే ముందు అది ఆలోచించండి.

రెండో సంగతి. హోంగార్డుల వ్యవస్థ మొదట బొంబాయిలో పుట్టింది 1946 డిసెంబర్ 6న. మత కల్లోలాల్లో పోలీసుకి సాయంగా ఉండే స్వచ్ఛంద పౌరుల దళం అది. ఈ రోజు ట్రాఫిక్‌లో ఎండకి నిలబడేదెవరు, స్టేషన్‌లో జీపు నడిపేదెవరు? ఏళ్ల తరబడి రోజూ డ్యూటీ చేసేవాణ్ని కూడా కాగితం మీద "వాలంటీర్" అనే రాస్తారు. 2015లో సుప్రీంకోర్టు వాళ్లని రెగ్యులర్ ఉద్యోగులుగా ఒప్పుకోలేదు గానీ, 30 రోజుల భత్యం కలిపితే కానిస్టేబుల్ కనీస వేతనానికి తగ్గకూడదంది.

దీనికి చివరి మెట్టు చూడాలంటే గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్ పోవాలి. నెలకి 3,000 రూపాయల గౌరవ భత్యానికి ఆదివాసీ యువకుల్ని స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా పెట్టి, తుపాకులిచ్చి, మావోయిస్టుల మీదికి తోలారు. 2011 జూలై 5న జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఇది రాజ్యాంగ విరుద్ధమన్నారు. వాళ్లు తప్పుబట్టింది తక్కువ చదువు, తక్కువ శిక్షణ, తక్కువ డబ్బు, ఎక్కువ చావు అనే లెక్కని. మా తాత చేతిలో కర్ర, ఆ పిల్లల చేతిలో తుపాకీ. పని చేయించుకునే తీరు ఒక్కటే.

తమ్ముడూ, ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు.

పో. తప్పకుండా పో. కానీ తాతలాగా పోకు.

పిలిచిన ఆర్డరు రాతలో తీసుకో. ఏం పని, ఎన్ని గంటలు, స్టైపెండ్ ఎంత, ఎవరి కింద పని చేస్తావో రాతలో అడుగు. చట్టం నేర్చుకోవడానికి పోతున్నావు, టీలు మోయడానికి కాదు. బస్తీల్లో మన పిల్లల పేర్లు సేకరించి ఇమ్మంటే చెయ్యనని చెప్పు. ఆ పని మనచేత రెండు వందల ఏళ్లుగా చేయిస్తూనే ఉన్నారు.

అక్కడున్నన్నాళ్లు కళ్లు తెరుచుకుని చూడు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నాలుగో సెక్షన్ చదువుకుని పో. 2016 జనవరి 26 నుంచి అందులో పోలీసు విధులు ఒక్కొక్కటిగా రాసి ఉన్నాయి. నోటితో చెప్పిన ఫిర్యాదును రాశాక, సంతకానికి ముందు బాధితుడికి చదివి వినిపించాలి. నకలు వెంటనే ఇవ్వాలి. ఈ విధుల్ని కావాలని వదిలేసిన అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. మన అమ్మ ఒకామె స్టేషన్‌కి వచ్చినప్పుడు ఆమెకి చదివి వినిపించారా లేదా, అది చూడు. 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసు పికెట్ ఉండగానే మనవాళ్లని నరికారు. పోలీసు ఉండటం వేరు, చట్టం ఉండటం వేరు.

రేపు ఎప్పుడైనా పంచనామా దగ్గర నిలబడే రోజొస్తే, శవాన్ని ముందు చూసిందెవరో, రాత్రి కాచిందెవరో అడుగు. ఆ మనిషి చెప్పిన మాట కాగితం మీదికి ఎక్కించమను. మా తాత పేరు ఏ రికార్డులోనూ లేదు. నీ పేరు ఉండాలి. నీ పేరుతో పాటు ఆయనలాంటి వాళ్ల పేరూ ఉండాలి.

వచ్చే భాగంలో కోర్టు బంట్రోతుల చరిత్ర చెప్పుకుందాం. మీ ఇళ్లల్లో తలారి, వెట్టి, కావలికారు పని చేసిన పెద్దలుంటే వాళ్లని కూర్చోబెట్టి అడగండి. వాళ్లు పోకముందే రాసుకోండి.

జై భీమ్.